తప్పు పుప్పొడిది, శిక్ష మగ్గానికి: గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా

ఉబ్బసం ఉన్న మనిషిని వెంటబెట్టుకుని మార్చి నెలాఖరులో పాలమూరు రోడ్ల మీద ప్రయాణం చేయబోయే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోపంగా రాస్తున్నాను, ముందే చెప్తున్నా. మా అక్క గద్వాలలో చీరలు నేస్తుంది. పెళ్లయి వెళ్లిన కొత్తలో పోగు అటూ ఇటూ తిప్పే నాడె పట్టుకోవడం కూడా రాదు, ఇప్పుడు ఆమె నేసిన కొంగు చూసిన షావుకారు ఇంకొకరి చీర అడగడు. మూడేళ్లుగా ఎండలు ముదరగానే ఆమెకు దమ్ము వస్తోంది. మగ్గం దుమ్మే కారణమని ఇంటా బయటా తేల్చేశారు, మా బావ కూడా నమ్మాడు. నేనుండేది నాగర్‌కర్నూల్‌లో. మా ఊళ్లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఉంది, ఆమె ఒక్కసారి చూశాక నిర్ణయం తీసుకోండని బావను బతిమాలి అక్కను తీసుకురావడానికి వెళ్లాను. డాక్టరమ్మ వద్దంటే మగ్గం తీసేయాలి, లేదంటే ఉంచాలి. ఒప్పందం అదీ.

అక్క మగ్గం గదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని అవతల చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో కోనోకార్పస్ చెట్ల వరస. కాలనీ పెద్దాయన ఒకాయన, ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పట్టుబట్టి నాటించాడు. తొందరగా పెరుగుతుంది, మేక ముట్టదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఇంకేం కావాలి? పూస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. గుండీలంత పూలు. పొడిగాలి వీచిన మధ్యాహ్నం కిటికీ గడప మీద వేలు పెట్టి రాస్తే పసుపు పొడి అంటుకుంటుంది. నేను వెళ్లిన పొద్దున ఆయన పైపుతో చెట్లకు నీళ్లు పడుతున్నాడు. ఊరుకుందామనుకున్నాను, నోరు ఊరుకోలేదు.

"సార్, మా అక్క కిడ్కీ ముందటి కొమ్మలన్న కొట్టియ్యుండ్రి. జర నయముంటది."

"చెట్టు మంచి గాలి ఇస్తది బిడ్డా. మీ అక్క మగ్గం దుమ్ము ఇస్తది. ఏది తియ్యాల్నో నువ్వే చెప్పు."

"దీని పూత ఎన్నడన్న చూసిండ్రా మీరు?"

"కొమ్మ మీద చెయ్యేస్తే కేసయితది, యాదుంచుకో," అని పైపు ఇంకో చెట్టుకు తిప్పాడు.

కొమ్మ నరికితే కేసట. ఒక మనిషి చేతిలోని విద్యను వేళ్లతో సహా పెరికేస్తే మాత్రం అడిగే నాథుడు లేడు. ఆ మాట ఆయన ముఖం మీదే అనేదాన్ని, అక్క లోపలి నుంచి వచ్చి నా కొంగు పట్టి లాగింది.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలన్నది నా పథకం. గాలి నిలిచి ఉండే వేళ, తడి ఇంకా ఆరని వేళ పుప్పొడి పెద్దగా లేవదు. ఎండ ఎక్కి గాలి ఊపందుకున్నాకే దాని రాజ్యం. కానీ మగ్గం మీద ఉన్న చీర కోసి దింపే దాకా కదలనంది అక్క. "ఇదే ఆఖరుదైతే? సగంల ఇడిచిపెట్టి పోతనా?" అంది. ఆమె నేస్తూ, దగ్గుతూ, నేస్తూ ముగించేసరికి పన్నెండు దాటింది. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే ఆర్టీసీలో టికెట్ అక్కర్లేదు కానీ, ఆ వేళలో కిటికీలు బిగుసుకోని బస్సు ఎక్కించే ధైర్యం చాల్లేదు. డీజిల్‌తో కలిపి మూడున్నర వేలకు కారు మాట్లాడాను. డ్రైవరు యాదయ్యది వడ్డేపల్లి వైపు. మనిషి మంచివాడే, ఏసీ వేయమంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

ఎర్రవల్లి దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, పెబ్బేరు చేరాం. దారి పొడుగునా రెండు వైపులా సర్కారు తుమ్మ, ఆ కంకులు కూడా పూత మీదే ఉన్నాయి. అద్దాలు దించనివ్వలేదు నేను. గమనించండి, అద్దాలు మూసి ఉన్నంతసేపు అక్క ఒక్కసారి కూడా దగ్గలేదు. పెబ్బేరులో రోడ్డు పక్క హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. ముగ్గురికి రెండు వందలు కూడా కాలేదు. అక్కడే ఉత్తరాన మబ్బు కమ్ముతూ కనిపించింది.

వనపర్తి ఇంకో పదినిమిషాల్లో వస్తుందనగా గాలిదుమారం లేచింది. నాలుగు చినుకులు పడి మట్టి వాసన వచ్చింది. యాదయ్య మురిసిపోయి, నన్ను అడక్కుండానే నాలుగు అద్దాలూ దించాడు.

"వాన వడ్డది గదక్కా, గాలి కడిగినట్టయితది. ఇంక ఏసీ ఎందుకు?"

మామూలుగా అందరూ అనుకునేదే. నిలకడగా కురిసే వాన గాలిని కడుగుతుంది, నిజమే. ఉరుముల వాన తొలి గాలి అలా కాదు. చెట్ల మీదున్న పుప్పొడినంతా ఒక్కసారి లేపి కిందికి విసిరి కొడుతుంది. తడి తగిలి ఆ రేణువులు పగిలిపోతాయి. మామూలప్పుడు ముక్కులో ఆగిపోయేవి, నలిగిన ముక్కలై ఛాతీ లోపలి దాకా దూరిపోతాయి. ఇదంతా ఆ సాయంత్రం డాక్టరమ్మ చెప్పాకే నాకు తెలిసింది. కార్లో మాత్రం రెండు నిమిషాల్లో అక్క మెడ నరాలు ఉబ్బాయి, మాట ఆగిపోయింది, నా చెయ్యి పట్టుకుని గోళ్లు దించింది. ఇన్‌హేలర్ ఉన్న సంచి డిక్కీలో ఉంది! రోడ్డు పక్క ఆపించి, వానలో తడుస్తూ డిక్కీ తెరిచి తెచ్చేసరికి పెదవులు నల్లబడ్డాయి. పీల్చాక ఊపిరి కుదుటపడటానికి చాలాసేపే పట్టింది. అప్పుడు తల ఎత్తి చూస్తే రోడ్డు మధ్య డివైడర్ నిండా అవే చెట్లు, నీటుగా కత్తిరించిన కోనోకార్పస్ వరస.

"ఇక్కడ మగ్గం యాడున్నదే?" అంది అక్క, మాట రాగానే. మూడేళ్లలో ఆమె కళ్లల్లో కోపం చూడటం అదే మొదటిసారి. యాదయ్య తలదించుకుని, "తెల్వక చేసినక్కా," అన్నాడు. అతన్ని తిట్టలేకపోయాను. తెలుసుకోవాల్సినవాళ్లయి ఉండి నాటినవాళ్లను తిట్టాలి.

వనపర్తిలో ఆగకుండా, గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి ఐదు కావొచ్చింది. డాక్టరమ్మ ఊదించి చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత ఒకటే ప్రశ్న వేసింది. "ముసురు పట్టిన దినాలల్ల మగ్గం మీద కూసుంటవా?"

"కూసుంట. పొద్దంత నేస్త. దమ్ము రాదు."

"మగ్గం దుమ్మయితే ముసురుకు ఎందుకు ఆగుతదమ్మా? అది గది లోపలిదేనాయె. వానకు ఆగేది బయటిది."

నూలు దుమ్ము మంచిదని ఆమె అనలేదు, ముక్కుకు గుడ్డ కట్టుకోమంది. కానీ మగ్గం వదలాల్సిన పనిలేదు, మందు రోజూ వాడాలి, పూత కాలంలో గాలి వీచే మధ్యాహ్నాలు కిటికీ మూసుకోవాలి. ఇంతే. ఇంత చిన్న మాట కోసం మూడేళ్లు!

బయటికి రాగానే అక్క బావకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "ఏమయ్యా, మగ్గం ఇడవొద్దన్నదయ్యా డాక్టరమ్మ. కిడ్కీ మూస్కుంటే సాలంట."

అవతల పార చప్పుడు ఆగింది.

"ఇంటున్నవా?"

"మీరు పోంగనే తీయించిన," అన్నాడు బావ. "చీర దింపినవు, మగ్గం ఖాళీగున్నది. ఎట్లైన ఒద్దనే అంటరని... నీ పానం కోసమే."

"గుంట?"

"సగం పూడ్సినం."

గుంట మగ్గానికి నేతగాడు కాళ్లు దింపి కూర్చునే గొయ్యే ప్రాణం. "ఒక్క పూట ఆగనీకె రాలేదా బావా!" అని నేను నడిరోడ్డు మీద అరిచాను. అక్క అరవలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా చెప్పింది. "ఆ మట్టి తోడియ్యి. రేపు వస్త. నేనొచ్చేవరకు గుంట గుంట లెక్కనే ఉండాలె."

రాత్రంతా నిలకడగా వాన కురిసింది. మర్నాడు పొద్దున ఆధార్ చూపించి బస్సెక్కి, గద్వాల దాకా అక్క కిటికీ తెరిచి, చల్లగాలి ముఖాన కొట్టించుకుంటూ కూర్చుంది. ఒక్క దగ్గు లేదు. అవే రోడ్లు, అవే చెట్లు. మారింది గాలి ఒక్కటే. ఇంటికి వెళ్లేసరికి బావ నడుము లోతు గుంటలో పార పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తల ఎత్తలేదు, తవ్వుతూనే ఉన్నాడు. మా కోపమంతా ఆ మనిషి మీద పోసి లాభమేముంది? భార్య ఊపిరి కోసం ఇంటి అన్నం ముద్దను వదులుకోబోయాడు. చెట్లు నాటిన పెద్దాయన మాత్రం ఒక కొమ్మ కూడా వదులుకోడు. మగ్గం మళ్లీ బిగిసింది, చెట్లు అలాగే ఉన్నాయి, ఈ చైత్రానికి ఇంకో జానెడు పెరిగాయి.

చీరల కోసం గద్వాల వెళ్లే వాళ్లకు ఒక మాట. ఎండాకాలం మధ్యాహ్నం నేతగాళ్ల ఇంటికి వెళ్తే కిటికీ మూసి ఉంటుంది, గదిలో ఉక్కపోస్తుంది. చెమట తుడుచుకోండి కానీ, తెరవమని మాత్రం అడగకండి.