అడిగిన గడపల గుర్తు

పత్తి మొగ్గకు ఓపిక లేదు. పొద్దుగూకక ముందే మొగ్గ విప్పి, లోపలి మగ కేసరాలను గోటితో గిల్లి పారేయాలి. తెల్లారి దాని మీద వేరే రకం పువ్వు పుప్పొడి అద్దాలి. ఆ పూట దాటిందా, పువ్వు తనంతట తానే కాయ కట్టుకుంటుంది. ఆ కాయ విత్తనానికి పనికిరాదు. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి వేసే ఇళ్లలో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడు కురుమూర్తి చేలో మొగ్గ ముందే వచ్చింది. కూలీలను తెచ్చే మేస్త్రీ తిరుపతయ్య మాత్రం అడ్వాన్సు చేతిలో పడితే తప్ప ఒక్క మనిషినీ ఆటో ఎక్కించనన్నాడు. ఏటా పెట్టుబడి పెట్టే సీడ్ ఆర్గనైజర్ ఈసారి చేతులెత్తేశాడు. "నా పైసలే కంపెనీల ఆగినయి కురుమూర్తీ, బ్యాంకుల చూస్కో" అన్నాడు.

కురుమూర్తికి అప్పు అడగడం కొత్త కాదు. ఒక్క గడపనే నమ్ముకోవద్దని, పది గడపలు తొక్కితే ఒక గడప కరుగుతుందని తండ్రి నేర్పాడు. ఆ తండ్రి పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు చేసినవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద చేతిలో చెయ్యి పెట్టి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. బేరం కుదరకపోతే తువ్వాల దులిపి భుజాన వేసుకుని పక్క మనిషి దగ్గరికి పోతారు. ఎవరు ఎవరిని ఎంతకు అడిగారో మూడో కంటికి తెలియదు. అడిగినవాడి మర్యాద అడిగినవాడి దగ్గరే ఉంటుంది. ఎంత నాగరికమైన బేరమో అది!

కురుమూర్తి అలాగే తిరిగాడు. గద్వాలలో బ్యాంకులు, బస్టాండు దగ్గరి ఫైనాన్సులు, ఆ తర్వాత వనపర్తి. ప్రతిచోటా ఆధార్ అడిగారు, పాన్ కార్డు అడిగారు, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమన్నారు. అన్నీ ఇచ్చాడు. "రాదు పెద్దాయనా" అన్నారు. ఎందుకు రాదో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగకుండా తువ్వాల దులిపినట్టు పక్క గడపకు పోయాడు. ఆఖరుకు ఆత్మకూరులో ఒక బ్యాంకు మెట్లెక్కాడు.

అప్పుల బల్ల దగ్గర వనజ అనే అమ్మాయి అతని అప్పుల రిపోర్టు తీసి చాలాసేపు చూసింది.

"పెద్దనాయనా, ఈ నడుమ ఎన్ని తావుల అడిగినవ్?"

"ఏం దాచుడు లేదు బిడ్డా. గద్వాలల ఏదీ ఇడవలే, వనపర్తికి కూడ పోయొచ్చిన. మనిషి పని మీదున్నడని తెల్వాలె గద!" అన్నాడు కాస్త గర్వంగానే.

వనజ నవ్వబోయి ఆగింది. "గదే కొంప ముంచింది. నువ్వు అప్పడిగిన కాడల్లా వాళ్లు నీ రిపోర్టు తీసి చూసిండ్రు. చూసినప్పుడల్లా అండ్ల గుర్తు పడ్తది. ఇంతమందిని అడుగుతుండంటే ఎంత పరేషాన్‌ల ఉన్నడో అని స్కోరు కిందికి జారుతది."

"అడుగుడు కూడ తప్పేనా?"

"తప్పని గాదు, లెక్కల పడ్తది. ఈ లెక్క రాసే కంపెనీలు ఏరే ఉన్నయి, వాళ్లు అప్పియ్యరు. ఎవలు ఏడ తీసుకున్నరు, కిస్తులు టైముకు కట్టిండ్రా అని బ్యాంకుల నుంచి జమ చేసి, మూడొందల కాడికెల్లి తొమ్మిదొందల దాక మార్కు ఏస్తరు. నీది నువ్వు చూసుకుంటే ఏం తగ్గది, ఏడాదికోపారి ఊకెనే ఇస్తరు. ముందుగాల గది చూసుకోవల్సింది." గొంతు తగ్గించింది. "అయినా నిన్ను ముంచింది అడుగుడు ఒక్కటే గాదు. ట్రాక్టర్ కిస్తులు ఎందుకాగినయి?"

"నాకేడిది బిడ్డా ట్రాక్టర్?"

"జమానత్ సంతకం నీదే ఉన్నది."

అప్పుడు గుర్తొచ్చింది. పెద్దమందడిలో ఉండే బామ్మర్ది మహిపాల్ ట్రాక్టర్ కొన్న రోజు, మిఠాయి డబ్బా పక్కన పెట్టి కాగితం చాపాడు. పెళ్లి ఖాయమైనప్పుడు లగ్నపత్రిక మీద పెద్దమనుషులు సంతకం చేస్తారు. కాపురం చెడితే ఆ నష్టం వాళ్లనెవరూ కట్టమనరు. హామీ సంతకం కూడా అలాంటి పెద్దరికమే అనుకున్నాడు కురుమూర్తి. మిఠాయి తిన్నాడు, సంతకం చేశాడు, మరిచిపోయాడు.

"బాకీ పడ్డ కిస్తులు కట్టిపియ్యి. కట్టినంక కూడ స్కోరు లేవనీకె నెలలు పడ్తది. అప్పటిదాంక ఇంకో తావుల అడగకు, నీకు దండం పెడ్త" అంది వనజ.

అటునుంచటే పెద్దమందడి బస్సెక్కాడు.

"రా బావా, కాళ్లు కడుక్కో" అన్నాడు మహిపాల్.

"కిస్తులెందుకు కడ్తలేవ్?"

"దున్నకం పైసలు ఊర్లెనే ఆగినయి. బండైతే గుంజుకపోలే గద! నీకేం పోయింది బావా?"

"నా పేరు పోయిందిరా. నా చేను పోతున్నది."

మహిపాల్ తల దించుకున్నాడు. "ఒడ్లు కోసినంక కడ్త. నీకు గిట్లయితదని తెలిస్తే నిన్నడుగుదునా?"

వరికోతలకు ఇంకా నెలలున్నాయి. మొగ్గకు ఒక్క పూట ఉంది.

ఊరు చేరి నేరుగా చేనుకు పోతే, భార్య రంగమ్మ సాలులోనే ఉంది. అంతా విని, మొగ్గ గిల్లుతూనే అంది: "నా తమ్ముడని సంతకం పెట్టినవ్, మంచిదే. నన్నొక్క మాట అడిగి పెట్టినవా? ఊరందరినీ అడుగుతవ్, ఇంట్ల దాన్ని అడగవ్."

కురుమూర్తి జేబులో ఫోను మోగింది. ఎవరో అమ్మాయి, తేనెలాంటి గొంతు: "సార్, లోన్ కోసం చూస్తున్నారు కదా! నిమిషంలో డబ్బులు పడతాయి. మీ ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పండి."

తను అప్పు వెతుకుతున్నాడని ఈ పిల్లకెవరు చెప్పారు? తువ్వాల కింద చేతులు అందరికీ కనబడుతున్నాయన్నమాట. తెర మీద అంకెలు మెరుస్తున్నాయి. అవి చెబితే రేపటి మొగ్గకైనా తిరుపతయ్య ఆటో వస్తుంది. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"సార్? వింటున్నారా?"

రంగమ్మ వంచిన నడుము ఎత్తకుండానే అతని వైపు చూసింది.

"వద్దమ్మా" అన్నాడు కురుమూర్తి. "ఇగ ఎవ్వర్ని అడగ."

ఫోను గట్టు మీద పెట్టి సాలులోకి దిగాడు. ఇద్దరి వేళ్లు పొద్దుగూకేదాకా ఎంత ఆడినా, ఆ వేళ్లు చేను మొత్తానికి ఎక్కడ సరిపోతాయి? తూర్పు పక్క నాలుగు సాళ్లు తేలాయి. మిగతాది వదిలేశారు.

తెల్లారి పుప్పొడి అద్దడానికి వచ్చేసరికి, వదిలేసిన పడమటి చేనంతా పూసి ఉంది. లేత పసుపు పూలు, ఒక్కదాన్నీ చెయ్యి తాకలేదు. తేనెటీగలు నిండుగా వాలి ఉన్నాయి. కురుమూర్తి అటు చూడకుండా తూర్పు సాలు పట్టాడు. రంగమ్మ చూసింది.

"ఎంత మంచిగ పూసిందో సూడు, పాడువడ" అంది.