క్రిస్మస్ చెట్టు కోసం కోసిన వల

అంగన్‌వాడీ గోడకు పిల్లలతో క్రిస్మస్ అలంకరణ చేయించి సాయంత్రంలోగా ఫోటోలు పంపమని మా సూపర్‌వైజరు మేడం మెసేజ్ పెట్టేసరికి, నా దగ్గర ఉన్నవి రెండు చార్టులు, అడుగంటిన గమ్ము సీసా, పద్దెనిమిది మంది పిల్లలు. మా సెంటరు ఉన్నది మైపాడుకు దగ్గర్లో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లెలో. అందరూ వేట మీద బతికేవాళ్ళే. ఎక్కువమంది హిందువులు. అయినా చివరి వీధిలో ఉన్న నాలుగు క్రైస్తవ కుటుంబాల పుణ్యమా అని డిసెంబరు వచ్చిందంటే ప్రతి ఇంటి పిల్లలకూ కేకు ధ్యాసే. కాబట్టి పిల్లలతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నాతోనే. ఒక పని తలకెక్కితే అది అయ్యేదాకా నేను కూర్చోను, ఎదుటివాళ్ళను కూర్చోనివ్వను. మా అమ్మ దీన్ని కాళ్ళకు చక్రాలంటుంది. మా ఆయన తిక్క అంటాడు.

ఆ రోజు మా ఆయమ్మ సెలవు పెట్టి కూతురిని చూడటానికి నెల్లూరు ఆసుపత్రికి వెళ్ళింది. వంట, గుడ్లు, రిజిస్టరు, ముక్కులు తుడవడం అన్నీ నా మీదే పడ్డాయి. ఆమెది ఆ పల్లే. ఆమె ఉంటే నేను రాస్తున్నది జరిగేదే కాదు. నేను పుట్టింది లోపలి ఊళ్ళో, వరి పొలాల మధ్య. వడ్లు పంటి కింద వేసి కొరికి ఆరాయో లేదో చెప్పగలను. వల గురించి మాత్రం, ఎనిమిదేళ్ళుగా ఆ ఊరికి వచ్చిపోతున్నా, దాంతో చేపలు పడతారన్న ముక్క తప్ప ఏమీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, అదీ నిజం.

సెంటరు వెనక, గోడ నీడలో, ఇసుక మీద ఆకుపచ్చ నైలాను వల ఒకటి కుప్పగా పడి ఉంది. దానికి పైన కట్టే బెండ్లు లేవు, కింద కట్టే సీసపు గుండ్లూ లేవు. తేలనిదీ మునగనిదీ ఇంకేం వల, ఎవరో పారేసి ఉంటారు అనుకున్నాను. గోడకు ముక్కోణంగా కడితే అచ్చం క్రిస్మస్ చెట్టే. చార్టు పేపరు ఖర్చు లేదు, రంగు వేసే పని లేదు. నా తెలివికి నేనే మురిసిపోయి పెద్ద కత్తెర తెచ్చి, చెట్టుకు సరిపడా ముక్క చరచరా కోయడం మొదలుపెట్టాను.

పిల్లలు చుట్టూ మూగారు. వాళ్ళలో నాలుగున్నరేళ్ళ పిల్ల ఒకతి నా మోచేతి దగ్గరికి వచ్చి, "టీచర్, అది మాది" అంది.

ఆ పిల్లకు 'మాది' అన్నది ఊతపదం. బంతి మాది, గ్లాసు మాది, కిటికీ మాది. మొన్నొకసారి సముద్రం కూడా మా తాతదే అంది. అందుకే తల ఎత్తకుండానే, "సరేలే, సముద్రం మీదే, వలా మీదే, పోయి గమ్ము సీసా పట్టుకురా" అన్నాను.

"మా తాతది టీచర్. కోయొద్దంట."

"పెద్దవాళ్ళు పనిచేసుకుంటుంటే మధ్యలో మాట్లాడకూడదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని కసిరాను. ఆ పిల్ల గమ్ము సీసా తెచ్చి ఇచ్చింది. మళ్ళీ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం బాగా గడిచిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, గడిచింది. గుడ్ల అట్టలు కత్తిరించి గంటలు చేశాం. దూదిని విడదీసి మంచు అన్నాను. మంచు అంటే ఏందని ఒకడు అడిగాడు. చల్లగా తెల్లగా ఉంటుందని చెప్తే, "చేపల మీద పోసే ఐసా టీచర్?" అన్నాడు. అవునన్నాను, ఓపిక లేక. కాగితం స్టార్లు వేలాడదీయమంటే, వలలో పడేవి చేపలే కదా అని సగం మంది చేపలు గీసి తెచ్చారు. వద్దనడానికి టైము లేదు. స్టార్లూ చేపలూ కలిపి కట్టేశాం. ఫోటోలు పంపిన పది నిమిషాలకు మేడం చప్పట్ల బొమ్మలు పెట్టి, రేపు పదకొండు గంటలకు ఇంకో ఇద్దరు అధికారులతో స్వయంగా వచ్చి చూస్తామన్నారు. ఇంటికి వెళ్ళే ఆటోలో ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదువుకున్నానో.

మర్నాడు ఆయమ్మ వచ్చి, చీపురు చేతిలో పట్టుకుని ఆ గోడ ముందు అలాగే నిలబడిపోయింది.

"ఇది యాడిది టీచరమ్మా?"

"వెనక పడి ఉంటే తెచ్చాను. పాతదే కదక్కా."

"పాతదా! కొత్త వలమ్మా ఇది. పాత వల చినిగిపోతే దాని బెండ్లూ గుండ్లూ ఊడదీసి దీనికి కట్టాలని తెచ్చిపెట్టినారు. ఎండ తగిలితే నైలాను పెళుసుబారిపోతుందని మన గోడ నీడలో ఏసుకుంటారు ఎవురైనా." ఆమె చీపురు కింద పెట్టింది. "రాత్రి ఆ వలోళ్ళ ఇంట్లో ఒకటే గోల. వల నడుమన కోసేసుండారని. సెంటర్లో కత్తెర ఉండాదని వాళ్ళ బిడ్డే కోసిందనుకున్నారు. టీచర్ కోసింది అని ఆ బిడ్డ అంటే, టీచర్ మీద అబద్ధాలు చెప్తావా అని వాళ్ళమ్మ ఇంకా కొట్టిందంట."

హాజరు పిలవకుండానే గది అంతా చూశాను. ఆ పిల్ల రాలేదు.

అప్పుడే లేచి వెళ్ళి ఉండాల్సింది. వాళ్ళ ఇల్లు సెంటరుకు నాలుగిళ్ళ అవతల. రెండు నిమిషాలు పట్టదు. కానీ టైము తొమ్మిదిన్నర. వల విప్పేస్తే మేడానికి ఏం చూపించాలి? నేను ఇప్పుడు వెళ్తే అక్కడ ఎంతసేపవుతుందో, వాళ్ళు ఇక్కడికి వచ్చి అరుస్తారేమో, సరిగ్గా ఆ సమయానికే జీపు దిగుతుందేమో. వాళ్ళు చూసి వెళ్ళాక చెప్దాం, ఎలాగూ కోసేసిందే కదా, రెండు గంటల్లో మారేదేముంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. చెప్పుకున్నానే గాని ఒక్కచోట నిలవలేకపోయాను. గుమ్మం దాకా వెళ్ళడం, రావడం. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చడం. పిల్లలకు పాట మొదలుపెట్టి మధ్యలో ఆపేయడం. ఆయమ్మ వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది. నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది.

మేడం వాళ్ళు పదకొండు దాటాక వచ్చారు. స్థానిక వస్తువుతో చేయడం చాలా బాగుందన్నారు. వల ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. నవ్వమన్నారు, నవ్వాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. తీసేయడానికి చేయి రాదు, చూడటానికీ రాదు.

జీపు కదలగానే స్టార్లూ చేపలూ తెంపి, వల ముక్క చంకన పెట్టుకుని బయలుదేరాను. ఆ ఇంటి ముందు పాకలో తాత కూర్చుని మిగిలిన వలను ఒడిలో పరుచుకుని కోత వెంబడి దారం వేస్తున్నాడు. పిల్ల తల్లి అరుగు మీద బియ్యం చెరుగుతోంది. పిల్ల గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. పిక్కల మీద వాతలు కనిపిస్తున్నాయి.

"ఈ వల కోసింది నేను. మీ పాప కోయొద్దనే చెప్పింది. నేనే వినలేదు" అన్నాను. దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను గాని నోట్లోంచి వచ్చినవి ఇంతే.

తల్లి చేట పక్కన పెట్టింది. "మీరు కోసినారా? మీరెందుకు కోస్తారులే అని... అట్టా చెప్పిందనే ఇంకో నాలుగు ఏసినా టీచర్." పిల్ల వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది.

తాత మాత్రం వల ముక్క అందుకుని వెలుగులోకి పట్టి చూశాడు. "అంచున కోసుంటే అట్నే కట్టేసుకుందును తల్లీ. నడుమన పడింది. నాలుగు రోజులు కూర్చోవాల." కోపం ఉందేమోనని వెతికాను, కనపడలేదు. "పొలం బిడ్డవి, నీకేం తెలుసు. ఆమెకి మజ్జిగియ్యి మే" అన్నాడు కోడలితో.

మజ్జిగ తాగాను. ఆ పిల్లకు పడినన్ని దెబ్బల్లో ఒక్కటైనా నాకు పడలేదు. అదే పని నేను చేశానంటే మర్యాద చేస్తున్నారు. వెళ్ళేముందు పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "తప్పు నాదేనమ్మా, నువ్వు నిజమే చెప్పావు" అన్నాను. తల ఊపింది. అంతటితో తీరిపోయిందనుకున్నాను.

క్రిస్మస్ ఇంకా రెండు రోజులుందనగా పిల్ల మళ్ళీ వచ్చింది. ఆ వేళ గోడకు చార్టు పేపరుతో కొత్త చెట్టు అతికిస్తున్నాం. ఆ పిల్ల కూర్చుని ఒక్కతే స్టారు కత్తిరించింది, ఒక కొమ్ము పొట్టిగా ఒక కొమ్ము పొడుగ్గా. దాని మీద పసుపు రంగు రుద్దింది. మొత్తం నా కళ్ళ ముందే చేసింది. ఇంతలో పక్కనున్న పిల్ల అది లాక్కుని పరిగెత్తుకొచ్చి, "టీచర్, ఇది నాది, పైన పెట్టు" అంది.

నేను స్టారు తీసుకుని, దాన్ని చేసిన పిల్లను పిలిచాను. ఈసారి వినాలని గట్టిగా అనుకున్నాను. నాది అని ఒక్కసారి అంటే చాలు, ఊరంతా వినేలా అవునని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. "ఇది ఎవరిదమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల స్టారు వైపు చూడలేదు. నా ముఖం వైపు చూసింది, చాలాసేపు.

"మీరు ఎవురిదంటే వాళ్ళది టీచర్" అంది.

ఎనిమిదేళ్ళలో నా దగ్గర ఏ పిల్లా ఒక పాఠం అంత బాగా నేర్చుకుని అప్పజెప్పలేదు.