పంగున్ని నాయర్ గంజి తాగిన ఏడాది

మకరమాసం వచ్చిందంటే పంగున్ని నాయర్ ఇంట్లో కంటే దారుల్లోనే ఎక్కువగా ఉండేవాడు. కేరళలోని వళ్ళువనాడు ప్రాంతంలో గుళ్ళ పూరాలు, అంటే ఏనుగుల ఉత్సవాలు, వరసగా వచ్చే కాలం అది. ఇవాళ ఈ ఊళ్ళో, రేపు ఏటి అవతల. అతను పంచవాద్యం జట్టులో కొమ్ము ఊదేవాడు. మూతి దగ్గర సన్నగా మొదలై, విల్లులా వంగి, తల మీదుగా పైకి విప్పారే కంచు కొమ్ము అది. మద్దెలవాళ్ళ వెనక వరసలో సరిగ్గా నడిమధ్య అతని చోటు. మిగతా కొమ్ములవాళ్ళు అతన్ని ఓరకంట చూస్తూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు. అతను ఎత్తితే ఎత్తేవాళ్ళు, దించితే దించేవాళ్ళు. ఆ చోటు అతనికి వాళ్ళ మేనమామ నుంచి వచ్చింది.

తిండికి ఒక వేళ ఉండేది కాదు. మధ్యాహ్నం గుడి భోజనం, అందులో రెండు పాయసాలు. సాయంత్రం దారిలో అరటిపండు బజ్జీలు, చిక్కటి టీ. జట్టు జీపు దిగేసరికి ఎంత పొద్దుపోయినా కుండలోని పెరుగు పోసుకుని చల్లన్నం. ఇక వాద్యం ముగియగానే చెమటలు కారుతున్న ఒంటితో ఏట్లో దిగి తల ముంచడం అతనికి ప్రాణం. ఆ మునక కోసమే ఊదుతున్నానని నవ్వుతూ చెప్పుకునేవాడు.

నలభై అయిదు దాటాక ఒళ్ళు మొరాయించసాగింది. పొద్దున లేచేసరికి ముక్కు రెండువైపులా దిబ్బడ. కనుబొమ్మల మీద ఎవరో సన్నికల్లు పెట్టినట్టు బరువు. గొంతులోకి ఏదో జారుతూనే ఉండేది. ఇంకోపక్క కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు, పొద్దున మూడుసార్లు వెళ్ళొచ్చినా తేలికపడని పొట్ట. చొక్కా జేబులో ముక్కు చుక్కల సీసా, పంచె మడతలో పొట్ట మాత్రలు పెట్టుకు తిరిగేవాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు జబ్బులు తనకు పట్టుకున్నాయని, రెంటికీ వేరువేరుగా మందు వేస్తున్నానని అతని ధైర్యం.

కుంభమాసంలో ఒక మధ్యాహ్నం, పొరుగూరి గుడి ముందు ఆ ధైర్యం చెదిరింది.

తిమిలలనే పొడవాటి డోళ్ళు వాయించేవాళ్ళు ఒక వరస ముగించి చేతులు దించారు. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మీదికి కొమ్ములు లేవాలి. పంగున్ని కొమ్ము ఎత్తి ఊదాడు. నుదుట్లో కత్తి దిగినట్టయింది. కొమ్ములోంచి తప్పిపోయిన దూడ అరుపులాంటిది ఒకటి వచ్చి సగంలో ఆగిపోయింది. అతన్ని చూసి ఎత్తిన మిగతావాళ్ళూ తడబడి దించేశారు. మళ్ళీ నిశ్శబ్దం. అప్పుడు, ఏనుగు పక్కన నిలబడ్డ పిల్లలక్కూడా వినపడేలా, పంగున్ని కడుపులోంచి ఒక పెద్ద తేన్పు వచ్చింది.

జనం గొల్లుమన్నారు. పక్కనున్న అచ్యుతన్ అనే అతను చప్పున కొమ్ము ఎత్తి వరస అందుకున్నాడు. అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి. మంచి ఊపిరి, దానికి తగ్గ నోరు. వాద్యం అయ్యాక, అన్నను పిలిచే ఏట్టా అన్న పిలుపుతోనే అందరి ముందూ అడిగాడు.

"పంగున్ని ఏట్టా, ఆ చివర వేసిందేమిటి? అంత పెద్దన్నవు, మాకు నేర్పకుండా దాచుకున్నావే!"

పంగున్ని ఆ రోజు ఏట్లో దిగకుండానే ఇంటిదారి పట్టాడు.

ఇల్లు చేరేసరికి భార్య కల్యాణిక్కుట్టి గడపలో నిలబడి ఉంది.

"మీకంటే ముందు మీ తేన్పు వచ్చింది ఇంటికి. చేపలామె చెప్పిపోయింది. రేపు పొద్దున్నే బయల్దేరండి, వారస్యారమ్మ దగ్గరికి."

"జలుబుకి వైద్యమేమిటే..."

"జలుబా? అయిదేళ్ళ జలుబా? నడవండి, నేనూ వస్తాను. మీరు ఒక్కరే వెళితే సగం చెప్పి సగం మింగేస్తారు."

శ్రీదేవి వారస్యార్‌కు అరవై దాటాయి. ఆయుర్వేద కాలేజీలో చదివి పట్టా తెచ్చుకుని, వైద్యుడైన తండ్రి కూర్చున్న బల్ల మీదే కూర్చుని ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మందిచ్చేది. పంగున్నిని నిక్కర్ల రోజుల నుంచీ ఎరుగును. ముక్కు వైపు చూడనైనా చూడలేదు.

"నాలుక చాపు."

చాపాడు. దాని మీద దోసెపిండి పూసినట్టు తెల్లటి పొర.

"కడుపు ఎలా పోతోంది? జిగటగా ఉంటుందా? నీళ్ళలో తేలుతుందా, మునుగుతుందా?"

పంగున్ని భార్య వైపు చూసి, నేల వైపు చూశాడు. "ముక్కు కోసం వచ్చానమ్మా నేను."

"ముక్కు ఎక్కడికీ పోదు, మొహం మీదే ఉంటుంది. అడిగింది చెప్పు."

చెప్పాడు. అతను మింగేసినవి కల్యాణిక్కుట్టి చెప్పింది.

"ఎప్పుడు తింటావు?"

"పెట్టినప్పుడు."

"ఆకలేసినప్పుడు కాదా?"

పంగున్నికి ఆఖరిసారి ఆకలి వేసిందెప్పుడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అది అతనికే వింతగా తోచింది.

"చూశావా?" అంది ఆమె. "నీ కడుపులో అగ్ని చల్లబడింది. పడేసిందల్లా అరక్క పులిసి, కఫమై పైకెక్కి నుదుట్లో కూర్చుంది. పైనుంచి నువ్వు చుక్కలు పోస్తున్నావు. ఇవి రెండు జబ్బులు కావయ్యా, ఒకటే. కింద నుంచి మొదలుపెట్టాలి."

పెరుగు, అరటిపండు, మినప్పిండి వంటలు, పాయసం, చల్లటివేవీ వద్దంది. పొద్దున పాత బియ్యంలో పెసలు, శొంఠి, జీలకర్ర వేసి కాచిన గంజి. మధ్యాహ్నం వేడన్నంలో మొదటి ముద్ద నెయ్యి, ఇంగువ చూర్ణంతో. తర్వాత బూడిద గుమ్మడి, పొట్లకాయలాంటి తేలిక కూర. పలచగా చిలికి, పసుపూ కరివేపాకూ వేసి వెచ్చచేసిన మజ్జిగ. పొద్దు గూకక ముందే రాత్రి భోజనం. తాగేది శొంఠి వేసి మరిగించిన నీళ్ళే. వేన్నీళ్ళ స్నానం, తల తుడుచుకున్న వెంటనే జలుబు చేయకుండా మాడు మీద రాస్నాది పొడి రుద్దుకోవడం. పగటి నిద్ర మానడం. పొట్ట కుదుటపడ్డాక ముక్కులో తైలం వేస్తానంది.

"ఈ ఏడు ఇక కొమ్ము ముట్టుకోకు."

పంగున్ని లేచి నిలబడ్డాడు. "వచ్చే నెల మీనంలో మా ఊరి పూరం ఉందమ్మా! మా మేనమామ పోయిన ఏడు కూడా ఆ చోటు ఖాళీగా లేదు."

"పూరం ఎక్కడికీ పోదు. నువ్వు కూడా వెళ్ళు, వినడానికి."

ఇంటికి రాగానే కల్యాణిక్కుట్టి చుక్కల సీసా తీసి పెరటి గోడ అవతలికి విసిరేసింది. అది లేని మొదటి రాత్రులు అతనికి నరకమయ్యాయి. ముక్కు రెండువైపులా మూసుకుపోయి, గోడకు ఆనుకుని కూర్చుని నోటితో గాలి పీల్చుకునేవాడు. ఆమె తులసి ఆకులు వేసి నీళ్ళు మరిగించి ఆవిరి పట్టించేది. తిట్టుకుంటూ పట్టేవాడు. గంజి చూస్తే ఏడుపు వచ్చేది. జట్టువాళ్ళు జీపులో ఇంటి ముందు నుంచి పోతూ హారన్ కొట్టేవాళ్ళు. "ఏట్టా, నీ వాటా పాయసం మేం చూసుకుంటాంలే!" అని అచ్యుతన్ గొంతు వినపడేది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున అతను కొబ్బరిమట్టలు చీలుస్తున్నాడు. కడుపులో ఏదో కదిలి గురగురమంది. కొత్త జబ్బేమో అనుకుని పని ఆపి నిలబడిపోయాడు. కాసేపటికి అర్థమైంది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "గంజి అయిందా?" అన్నాడు. వినీ విననట్టు, "ఏమిటీ?" అంది కల్యాణిక్కుట్టి. మళ్ళీ అడిగించుకుంది.

అయినా బుద్ధి ఊరుకోలేదు. చెల్లెలి ఇంట్లో పెళ్ళికి వెళ్ళి, ఎవరూ చూడటం లేదని పనసపండు పాయసం రెండు గరిటెలు వేయించుకున్నాడు. మీద గడ్డపెరుగు. మర్నాటికి కనుబొమ్మల మీది బరువు తిరిగి వచ్చి కూర్చుంది. తల వంచుకుని వైద్యురాలి దగ్గరికి వెళ్ళాడు. ఆమె కోప్పడలేదు.

"మంచిదే. నేను చెబితే నమ్మలేదు. నీ నుదురు చెబితే నమ్మావు."

నాలుక మీది పొర పలచబడ్డాక నస్యం మొదలుపెట్టింది. మొహానికి నూనె రాసి, వేడిగుడ్డ కాపడం పెట్టి, బల్ల మీద తల వెనక్కి వేలాడేలా పడుకోబెట్టి, ముక్కులో గోరువెచ్చటి అణుతైలం వేసేది. కళ్ళలోంచి నీళ్ళు కారేవి, గొంతు మండేది. లేచి ఉమ్మితే పచ్చటి గడ్డలు పడేవి. ఇన్నాళ్ళూ తలలో మోసింది ఇదా అని అతనికి అసహ్యం వేసింది.

పూరానికి ముందు, ఏటా చేసే పనే కనుక, కొమ్మును దించి చింతపండుతో తోమడానికి కూర్చున్నాడు. మూతి భాగం విప్పి దగ్గరికి తెచ్చుకోగానే తల వెనక్కి లాక్కున్నాడు.

"కల్యాణీ! ఇందులో ఏదో చచ్చింది!"

ఆమె వచ్చి వాసన చూసింది. "ఎప్పుడూ ఉండేదేగా."

"ఎప్పుడూనా? మరి చెప్పవేం?"

"ఏటా చెబుతూనే ఉన్నాను. కంచు వాసనే అది, నీకేం తెలుసని నన్ను కసిరేవారు."

ఆ రోజంతా ఆ కొమ్మును బూడిదతో, చింతపండుతో, వేన్నీళ్ళతో కడుగుతూనే ఉన్నాడు. చేతికి అంటిన పులుసు వాసన, తడి బూడిద వాసన, పక్కింటి పొయ్యి మీద మాడుతున్న ఉల్లిపాయ వాసన, అన్నీ ఒకేసారి వచ్చి మీద పడుతుంటే మధ్యలో ఊరికే ఆగి కూర్చునేవాడు.

పూరం రోజు జనంలో, తిమిలవాళ్ళ వెనక నిలబడ్డాడు. ఎదురుగా, మద్దెలల వెనక, తన చోట్లో అచ్యుతన్. మొదట్లో తప్పులు పట్టడానికే విన్నాడు. ఒకటి రెండు దొరికాయి కూడా. కానీ అతను ఇన్నేళ్ళలో ఆ వాద్యాన్ని ఎదురుగా నిలబడి వినలేదు. కొమ్ము శబ్దం అతనికి దవడల్లో, పుర్రెలో మాత్రమే తెలుసు. ఇప్పుడది మద్దెలల మీదుగా లేచి, ఏనుగుల నుదుటి పట్టాలను దాటి వచ్చి మొహానికి తగిలింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. అచ్యుతన్ తనకంటే రవ్వంత ఆలస్యంగా ఎత్తుతున్నాడు. ఆ రవ్వంత ఖాళీ బాగుంది. అలా అనిపించడం మాత్రం పంగున్నికి బాగుండలేదు.

భోజనాల దగ్గర అచ్యుతన్ వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రోజు మాటల్లో వెటకారం లేదు.

"ఎలా ఉంది ఏట్టా?"

"రెండో కాలంలో తొందరపడ్డావు."

"ఊఁ."

"మిగతాది బాగుంది."

పంగున్ని ఇంకా ఏమైనా అంటాడేమోనని అచ్యుతన్ నిలబడ్డాడు. పంగున్ని తన ఆకులో వడ్డించిన పాయసం పక్కవాడి వైపు జరిపి, వేడన్నంలో చారు పోసుకున్నాడు.

కర్కాటకమాసపు వానల్లో ఇంకోసారి చికిత్స అయింది. పీనసం పూర్తిగా పోయిందని చెప్పలేం. ముసురు పట్టినప్పుడు నుదురు పట్టేసేది, ఆవిరి పట్టుకునేవాడు. కానీ చుక్కల సీసా మళ్ళీ ఇంట్లోకి రాలేదు. తర్వాతి మకరంలో కొమ్ము భుజాన వేసుకుని జట్టు దగ్గరికి వెళితే, అచ్యుతన్ తనంతట తనే పక్కకు జరిగి నడిమి చోటు ఖాళీ చేశాడు. పంగున్ని అతని భుజం పట్టి మళ్ళీ అక్కడే నిలబెట్టి, తను పక్కన నిలబడ్డాడు.

"ఎందుకలా చేశారు?" అంది ఇంటికొచ్చాక కల్యాణిక్కుట్టి.

"నడుమ ఉంటే అందరి ఊపిరీ నేనే చూసుకోవాలి. పక్కనైతే నా ఒక్కడిదే."

ఆ మాట నిజమేనా, లోపల ఇంకేమైనా ఉందా అని ఆమె తరచి అడగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఊదాడు. పొద్దు గూకేలోగా ఇల్లు చేరగల ఊళ్ళే ఒప్పుకునేవాడు. ఎక్కడికి వెళ్ళినా అతనికి పెసల గంజి విడిగా కాచమని గుడివాళ్ళకు ముందే కబురు పోయేది. మొదట్లో జట్టువాళ్ళు నవ్వారు. తర్వాత ఎండలో ఊదబోయే ముందు, నాకూ కాస్త పొయ్యమని ఒకరిద్దరు అడిగారు. పోనుపోను గిన్నె చాలక బిందెతో కాయాల్సి వచ్చింది. అచ్యుతన్ ఒక్కడు మాత్రం దాని జోలికి రాలేదు. ప్రతి పూరంలోనూ రెండు పాయసాలూ తిని, ఏట్లో తల ముంచి, మర్నాడు తుమ్ముకుంటూ వచ్చేవాడు. పంగున్ని అతనికి ఏమీ చెప్పేవాడు కాదు; చెప్పాల్సింది అతని నుదురే అనుకునేవాడు.