గ్లాసు నీళ్ల బాప్తిస్మం

మొన్న శనివారం సాయంత్రం ప్రొద్దుటూరులో మా చర్చి పక్క సందులోంచి వస్తుంటే, ట్యాంకరు పైపులోంచి సిమెంటు తొట్టిలోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. బ్లీచింగ్ పొడి వాసన సందంతా కమ్ముకుంది. ఆ చప్పుడు వినిపించిందంటే తెల్లవారితే ఎవరికో బాప్తిస్మం ఉన్నట్టు. మిగతా విశ్వాసులైతే దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ పోతారు. నాకు మాత్రం ముందు అనుమానమే వస్తుంది. ఎవరీ మునిగేవాళ్లు, ఎవరు మునగమన్నారు, పెళ్లి సంబంధమేమైనా కుదిరిందా, జబ్బేమైనా తగ్గిందా అని ఆరా తీయబుద్ధవుతుంది. పాడు బుద్ధి అని మీరనుకుంటే అనుకోండి. ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు. దావీదాచారి గారి కొట్లో జీతానికి చేరాక అంటుకుంది.

మీలో ఎవరూ ఆయనను చూసి ఉండరు. కంసాలుల ఇంట్లో పుట్టి, పెళ్లీడులో క్రైస్తవుడై, దావీదని పేరు పెట్టుకున్నా ఊరు ఆచారిని వదలలేదు. రెండూ కలిపి దావీదాచారి అనేసింది. పాత బంగారం కొనడం ఆయన పని. ఎవరు నగ తెచ్చినా ముందు మనిషి ముఖం చూసేవారు, ఆ తర్వాత నగను గీటురాయి మీద రుద్ది యాసిడ్ చుక్క వేసేవారు. సొంత చెల్లెలు ముక్కుపుడక తెచ్చినా అంతే. పాలు తెచ్చినవాడి క్యానులో వేలు ముంచి చూసేవారు. టీలో చక్కెర ఎక్కువైతే టీపొడి తగ్గించి ఉంటాడనేవారు. తొండూరు దగ్గరి పల్లెలో గొర్రెలు మేపే ఇంట పుట్టి, డిగ్రీ చదివి బిల్లులు రాయడానికి చేరిన నన్ను కూడా మొదట్లో సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు చేతులవైపు ఓ చూపు చూసే పంపేవారు. ఒళ్లు మండిపోయేది.

నేను వెళ్లే చర్చిలో ఆయనే సంఘపెద్ద. మాది ముంచే సంఘం. పసిబిడ్డల నెత్తిన చిలకరించే నీళ్లను మావాళ్లు బాప్తిస్మంగా ఒప్పుకోరు. తెలిసి, నమ్మి, నిలువునా మునగాలి. మునగాలనుకున్న వాళ్లను ముందుగా పరీక్షించే పని దావీదాచారిది. పాస్టరుకు తొట్టి నిండితే సంతోషం, ఈయనకు తొట్టి నిండితే అనుమానం. వాళ్లిద్దరికీ ఎప్పుడూ పొసగలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకింకా గుర్తుంది.

"ఎవరు తీసుకోమన్నారమ్మా నిన్ను?"

"ఎవరూ అనలేదు సార్. మా రూములో అమ్మాయిలంతా తీసుకుంటాండారు, అందుకని..."

"ఐతే వాళ్లు తీసుకోనీలే. నీకిప్పుడే తొందర యాడుంది?"

నేను గొర్రెల కాపరుల పిల్లనని ఆపాడని ఆ రాత్రంతా ఏడ్చాను. మరుసటి ఏడు మళ్లీ అడిగి, నా జవాబు విని, మారు మాట లేకుండా ఒప్పుకున్నారు. అప్పుడు కూడా ఎందుకొప్పుకున్నాడా అని అనుమానపడ్డాను. ఒకే కొట్లో కూర్చుంటే అదీ అంటుకోక ఏం చేస్తుంది?

మా అమ్మ ఓబులమ్మ నాకన్నా ముందే నమ్మిన మనిషి. బాప్తిస్మానికి మా నాయన ఉన్నంతకాలం ఆయన ఒప్పుకోలేదు, ఆయన పోయాక గొర్రెలు ఒప్పుకోలేదు. మందను ఎవరికి అప్పగించి వస్తుంది? ఇలా వాయిదా పడుతూ ఉండగానే ఊపిరితిత్తుల్లో నీరు చేరి పులివెందుల ఆస్పత్రిలో పడింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, రావాల్సిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమన్నాడు. అమ్మ మాత్రం ఒకటే మాట పట్టుకుంది, బాప్తిస్మం లేకుండా పోతానేమోనని. నేను పాస్టరుకు ఫోను చేశాను.

"ముంచకుంటే బాప్తిస్మం కాదమ్మా. బాగైనాక తీసుకొనిరా, ప్రార్థన చేస్తాం" అన్నాడాయన.

"బాగు కాకపోతే అయ్యగారూ?"

ఆయన ఫోను పెట్టేశాడు. నాకొచ్చింది కోపమో భయమో నాకే తెలియలేదు. మునగని మనిషికి రక్షణ లేదని అదే నోటి నుంచి ఎన్ని ఆదివారాలు విన్నాను! ఆ లెక్కన మా అమ్మ పోయేది నరకానికే. ఆ మాట నోటితో అనలేక కొట్టుకు ఫోను చేసి, సెలవు కావాలని మాత్రం చెప్పాను. ఏం జరిగిందో దావీదాచారి గారే గుచ్చిగుచ్చి అడిగి తెలుసుకున్నారు. మధ్యాహ్నానికి బస్సు దిగి వార్డులోకి వచ్చేశారు. పాస్టరు మీద కసి తీర్చుకోవడానికే వచ్చాడనుకున్నాను.

వచ్చినాయన అమ్మను ఓదారుస్తారనుకుంటే, స్టూలు లాక్కుని కూర్చుని, ఆయాసపడుతున్న మనిషిని ప్రశ్నలు మొదలుపెట్టారు. నాకు తల తీసేసినట్టయింది. ఇక్కడ కూడానా సార్ అన్నాను. ఆయన నావైపు తిరగనైనా తిరగలేదు.

"ఎవరు తీసుకోమన్నారమ్మా?"

"ఎవురూ అనల్యా సార్. నా కూతురు గూడా అనల్యా."

"తీసుకుంటే ఏమొస్తాదనుకుంటాండావు?"

"కొత్తగా వచ్చేదేముంది? ఇన్నేండ్లూ ఆ ప్రభువే గదా నన్ను చూసుకునింది."

"నీళ్లు పడకముందే పోతివనుకో, ఎట్లా?"

అమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మా మందలో పుట్టిన పిల్ల, చెవికి గుర్తు ఎయ్యకముందు మాది కాకుండా పోతాదా సార్? అయినా ఏస్తాం. ఇంగొకరు తమదనకుండా. నాకూ ఆ గుర్తు ఉండాలని ఆశ" అని, కొంచెం ఆగి, "నన్ను ఇట్లా కూర్చొని అడిగినోళ్లు ఎవురూ ల్యా. పెండ్లికి గూడా అడగల్యా" అంది. ముఖంలో సంతోషం స్పష్టంగా కనిపించింది. అందరూ జాలిపడి పోతున్న చోట ఈయనొక్కడు ఆమెను పరీక్షకు నిలబెట్టాడు. నాకు కోపం తగ్గింది గానీ పూర్తిగా కాదు.

ఆయన బల్ల మీది స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, ముందు తాను ఒక గుక్క తాగి చూసి, మిగిలినవి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరున అమ్మ నెత్తిన పోశారు. పక్క మంచం ఆమె మందు పోస్తున్నాడనుకుంది. బస్టాండు దాకా తోడు వెళ్లినప్పుడు, సంఘం ఊరుకుంటుందా సార్ అని అడిగాను.

"ఊరుకోదులే. నన్ను జమ్మలమడుగు కాడ పెన్నలో ముంచినారమ్మా. పిల్లనిచ్చేవాళ్లు ముంచమన్నారు, ముంచినారు. ఎందుకని ఒక్కరూ అడగల్యా. నిండుగా మునిగినా. అది నిజమా కాదా అని నాకు ఇప్పటికీ తెల్దు. మీ అమ్మది మాత్రం నిజమని తెల్సు" అన్నారు. అంతలో ప్రొద్దుటూరు బస్సు వచ్చింది, ఎక్కేశారు.

తీరా చూస్తే అమ్మ చావలేదు. పదిహేను రోజులకు లేచి కూర్చుంది, నెలకు మళ్లీ గొర్రెల వెంట పడింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. చనిపోయి ఉంటే ఎవరూ ఏమీ అనకపోదురేమో, బతికి, పల్లె నుంచి బస్సెక్కి మా చర్చికి వచ్చేసరికి అందరికీ ఇబ్బంది వచ్చి పడింది. పాస్టరు సంఘాన్ని కూర్చోబెట్టి, ఆస్పత్రిలో జరిగింది బాప్తిస్మం కాదని దావీదాచారి నోటితోనే చెప్పమన్నాడు. చెబితే పెద్దరికం నిలుస్తుంది, ఓబులమ్మను వచ్చే ఆదివారమే ముంచుతారు.

"నేను రాచి చూసిన బంగారాన్ని ఇత్తడని చెప్పలేను" అని ఆయన కూర్చున్నారు.

అప్పుడు అమ్మ లేచింది. "ముంచుకో నాయనా, ఇంగొకసారి మునిగితే నాకేం నొప్పి? కానీ ముందుది కాదని మాత్రం అననియ్యను."

కాదని ఒప్పుకోకుంటే ముంచనన్నాడు పాస్టరు. ఆ రోజుతో దావీదాచారి పెద్దరికం పోయింది. బాప్తిస్మం లేనిదన్న లెక్కన అమ్మకు ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షరసం, లేకుండా పోయింది. ఆ నెల నుంచి రొట్టె పళ్లెం వచ్చినప్పుడల్లా ఆడవాళ్ల వైపు అమ్మ ముట్టకుండా నాకందించేది, మగవాళ్ల వైపు దావీదాచారి ముట్టకుండా పక్కవాడికి అందించేవారు. ఆయనను ఎవరూ వద్దనలేదు. తానే మానుకున్నారు. నేను పళ్లెం చేతిలో పట్టుకుని ఆయననే గమనించేదాన్ని. పాస్టరును సాధించడానికా, పదిమందీ చూడాలనా, నిజంగా మా అమ్మ కోసమా? అమ్మే ఒకరోజు చర్చి మెట్ల మీద ఆయనను నిలబెట్టింది.

"నా కోసరం నువ్వెందుకు పస్తుంటావు సార్?"

"నీకు లేంది నాకెట్లా వస్తాదమ్మా?" అన్నారాయన, అంతే.

ఏళ్లు గడిచాయి. దావీదాచారి మంచాన పడ్డారని తెలిసి అమ్మా నేనూ చూడబోయాం. మనిషి మంచంలో చిన్నపిల్లాడంత అయిపోయారు. నన్ను కాదు, అమ్మను దగ్గరికి పిలిచారు. నేను కొట్లో పనిచేసిన పదేళ్లలో ఏ కస్టమరు ముందూ తగ్గని గొంతు ఆ రోజు తగ్గింది.

"ఓబులమ్మా, నేనే తప్పు చేసినానేమో. శానా దినాలుగా ఇదే ఆలోచిస్తాండా. ఆ నీళ్లు చాలకపోతే, రేపు నీకు నా వల్ల చేటు వస్తాదేమో. పోయి మునుగు తల్లీ. ఆచారి పోసింది ఉత్త నీళ్లని చెప్పి మునుగు. నేనేమీ అనుకోను."

లోకాన్నంతా అనుమానించిన మనిషి చివరికి తన మీదికే గీటురాయి తిప్పుకున్నారు. నేను అమ్మ ముఖంలోకి చూశాను. ఆమె కూడా తడబడుతుందేమోనని భయమేసింది. అమ్మ ఆయన నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"నీకు అనుమానముంటే అది నీది సార్. నాకు ల్యా" అంది.

ఆయన కళ్లు మూసుకున్నారు. నమ్మారో లేదో నాకు తెలియదు. రెండు రోజులకు పోయారు. అమ్మ ఇంకా ఉంది, ఇంకా పళ్లెం ముట్టకుండానే నాకు అందిస్తుంది. నేను తీసుకుంటాను, తీసుకుంటూ ఎందుకు తీసుకుంటున్నానని నన్ను నేనే అడుగుతాను. ఆయన ఇచ్చిన అనుమానం నా దగ్గర భద్రంగా ఉంది. పక్కనే కూర్చునే మా అమ్మకున్నది మాత్రం నాకింకా రాలేదు.