అల్లాల్ మెచ్చుకున్న రొట్టె

మెక్నెస్ పాత ఊళ్లో, జీనులు కుట్టేవాళ్ల సందు చివర, ముప్పై నాలుగేళ్లుగా రొట్టెలు కాలుస్తున్న అల్లాల్‌కి జీవితంలో ఒకటే గొప్ప. ఎవరి రొట్టె ఏదో అతనికి చెప్పక్కర్లేదు.

సందులో ఆడవాళ్లు ఇంటి దగ్గరే పిండి పిసికి, గుండ్రంగా తట్టి, చెక్క పలక మీద పేర్చి, గుడ్డ కప్పి పొయ్యికి తెస్తారు. కాల్చడం ఒక్కటే అల్లాల్ పని. నడుం లోతు గోతిలో నిలబడి, తన ఎత్తుకు రెండింతలున్న చెక్క పారతో రొట్టెల్ని పొయ్యిలోకి తోస్తాడు. ఒక వాయికి అరవై. అరవయ్యీ గుండ్రమే, అరవయ్యీ ఒకటే రంగు. వేరే పేటల్లో ఆడవాళ్లు రొట్టె మీద ముద్రలేస్తారు, ఫోర్కుతో గుచ్చుతారు. ఇక్కడ అల్లాల్ వెయ్యనివ్వడు.

"నీ మొహం మీద ముద్రుందా? అయినా మీ ఆయన రోజూ ఇంటికొచ్చి నిన్ను గుర్తుపట్టడంలా?" అంటాడు, ఎవరైనా ఫోర్కు తీస్తే.

నిజమే, ఒకప్పుడు గుర్తుపట్టేవాడు. చివరింటి కోడలు షామాకి తొందరెక్కువ, ఆమె రొట్టె ఒక పక్క ఎత్తుగా ఉంటుంది. తన పక్కింటి విధవరాలు బతూల్ రొట్టెకి అంచు పల్చన. తన భార్య యామ్నా రొట్టె నడుమ బొటనవేలి పల్లం లాంటిది పడుతుంది. సందులో అందరూ అతన్ని మల్లెం అని పిలుస్తారు. పనిలో చెయ్యి తిరిగినవాణ్ని ఆ ఊళ్లో అలాగే పిలుస్తారు. ఆ పిలుపు చెవిన పడితే అల్లాల్ గోతిలో నిలబడే నాలుగంగుళాలు పొడుగవుతాడు.

ఇప్పుడతనికి అరవై మూడు. రెండేళ్లుగా కళ్లు సరిగా కనబడటం లేదు. ఫోను చూడాలంటే చెయ్యి బారుగా చాపి, తల వెనక్కి వాల్చి, అప్పటికీ కుదరక "ఈ చెయ్యి పొట్టిదైపోయింది" అని విసుక్కుంటాడు. కూతురు నజాత్ ఏడాది కిందట అద్దాలు చేయించి తెచ్చింది. వాటిని చక్కెర డబ్బాలో పడేసి మూత పెట్టాడు.

"నా కళ్లకేం రోగం? పొగ వల్ల కాస్త నీరు కారుతుంది, అంతే. కళ్లు పోతే రొట్టెలు తారుమారవ్వాలి కదా! రెండేళ్లలో ఒక్కరైనా 'మల్లెం, ఇది నా రొట్టె కాదు' అన్నారా?"

ఎవరూ అనలేదు. దానికి నజాత్ దగ్గర జవాబు ఉంది గానీ చెప్పలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం వచ్చింది. నజాత్ పనిచేసే కుట్టు దుకాణంలో పెళ్లి బట్టల హడావుడి. రోజూ మధ్యాహ్నం ఇంటి రొట్టెలు తీసుకెళ్లేది ఆమే. ఆ రోజు రాలేకపోయింది. అల్లాల్ వాయి దించి, పలకలన్నీ అప్పజెప్పి, తనింటి పలక తనే భుజాన పెట్టుకుని ఇంటికెళ్లాడు.

యామ్నా మట్టి మూకుడులో గుమ్మడికాయ, మటన్ కూర మధ్యలో పెట్టింది. అల్లాల్ రొట్టె తుంచి, కూరలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మళ్లీ నమిలాడు.

"ఏమే, ఇవాళ పిండిలో ఏం కలిపావు?"

"ఏం, బాలేదా?"

"బాలేకపోవడమేంటి! వెన్న తిన్నట్టుంది!" రెండో ముక్క తుంచాడు. "ముప్పై ఆరేళ్ల కాపురంలో ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదే నీకు!"

యామ్నా ఒక ముక్క తుంచింది. తినలేదు. వాసన చూసి పళ్లెం పక్కన పెట్టింది. అల్లాల్ అప్పటికి మూడో ముక్కలో ఉన్నాడు.

"ఇన్నాళ్లూ ఈ చేతిరుచి ఎక్కడ దాచావే?"

"నేను దాచలేదు. పక్కింట్లో ఉంది."

"అంటే?"

"నువ్వు మింగేది బతూల్ రొట్టె."

సరిగ్గా అప్పుడే మేడ మీది గోడ అవతల నుంచి గొంతు వినబడింది. బతూల్‌కి రహస్యం కూడా అరిచి చెప్పడమే అలవాటు.

"యామ్నా! ఓ యామ్నా! నా పలక మీ ఆయన పట్టుకుపోయాడే! మీ రొట్టెలు మాకొచ్చాయి! పర్లేదులే తల్లీ, పులుసులో నానేసి ఎలాగో తినేస్తున్నాం!"

ఆ 'ఎలాగో' అన్న మాటకి యామ్నా మొహం పొయ్యి మూతలా ఎర్రబడింది. పదేళ్ల కిందట ఒక పెళ్లిలో ఎవరో బతూల్ రొట్టె మెచ్చుకున్నప్పటి నుంచి ఇద్దరి మధ్యా పలకరింపులు తేనెలా, లోపల మిరపకాయలా నడుస్తున్నాయి.

అల్లాల్ అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మూసుకోలేదు.

"నేను పొరపడ్డమేంటి? నా కళ్లు నిక్షేపంలా ఉన్నాయి!"

"ఓహో. కళ్లు నిక్షేపంలా ఉన్నాయా?"

"ఉన్నాయి!"

"అయితే చూసే తెచ్చుకున్నావన్నమాట."

అల్లాల్ నోట్లో ముక్క అటూ పోలేదు, ఇటూ రాలేదు. పొరపడ్డానంటే కళ్లు పోయినట్టు. పొరపడలేదంటే పక్కింటావిడ రొట్టె కావాలని తెచ్చుకుని, కట్టుకున్నదాని ఎదుట లొట్టలేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అల్లాల్ మూడో దారి వెతికి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున పది గంటలకి యామ్నా పిండి తట్టి, పలక నెత్తినెత్తుకుని బయల్దేరింది. మొగుడి పొయ్యి ముందు నుంచే నడిచింది. ఆగలేదు. తోలు సంత దగ్గర హమ్మాదీ పొయ్యికి వెళ్లింది.

హమ్మాదీది గ్యాసు పొయ్యి.

సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. రొట్టెలు కాల్చేవాడి పెళ్లాం రొట్టెలు ఇంకో పొయ్యికి పోవడమంటే మామూలు అప్రతిష్ఠ కాదు. ఇమాం గారి భార్య ఇంకో మసీదు వెతుక్కున్నట్టు. మధ్యాహ్నానికల్లా హమ్మాదీ నుంచి కబురు కూడా వచ్చింది. "మీ ఆవిడ రొట్టెలు భలే పొంగాయని మల్లెం గారికి నా సలాములు చెప్పు" అన్నాడట.

ఇంటికొస్తే అల్లాల్ పళ్లెం పక్కన కొట్లో అమ్మే పొడుగు రొట్టె. సంచీలోంచి కూడా తియ్యలేదు.

"ఇదేంటి?"

"రొట్టె, మల్లెం గారూ. కళ్లు నిక్షేపంలా ఉన్నాయన్నారుగా!"

పెళ్లయ్యాక యామ్నా అతన్ని 'గారూ' అనడం అదే మొదలు. ముప్పై నాలుగేళ్లలో ఊరి సగానికి రొట్టె కాల్చినవాడు, ఆ పొడుగు రొట్టెని రబ్బరు గొట్టం నమిలినట్టు నమిలాడు. గురువారం కూడా అదే. శుక్రవారం ఆ ఊళ్లో ఎలాగూ ఉడికించిన రవ్వ, కూరలతో చేసే కుస్కుస్ కాబట్టి రొట్టె గొడవ లేదు. ఒకే పళ్లెంలో చెరో పక్కనుంచీ తింటూ, మధ్యలో క్యారట్లు సరిహద్దులా వదిలేశారు.

"నాన్నా, అద్దాలు పెట్టుకుని, పొరపాటైందని ఒక్క మాట అనొచ్చుగా," అంది నజాత్.

"చెయ్యని పొరపాటు ఎందుకు ఒప్పుకోవాలే? నేనిచ్చినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవరో పలకలు మార్చారు. పట్టుకుంటా."

నజాత్ మొహం పాలిపోయింది. "వద్దు నాన్నా" అంది. ఆ 'వద్దు'తో అతనికి పట్టుదల రెండింతలైంది.

శనివారం వాయి దించాడు. ఆడవాళ్లంతా పలకలు తీసుకుని వెళ్లారు. అల్లాల్ పార గోడకానించి, గోతిలోంచి పైకి పాకి, మోకాళ్లు పట్టుకుని కాసేపు నిలబడి, వాళ్ల వెనకే నడిచాడు. సందు మలుపు తిరిగితే పాత కుళాయి గట్టు. అక్కణ్నుంచి సంతలో వేలంపాటలాగా గోల వినిపిస్తోంది. గోడ వార నక్కి తొంగి చూశాడు.

గట్టు మీద పది పన్నెండు పలకలు. గుడ్డలన్నీ ఎత్తి ఉన్నాయి. ఆడవాళ్ల చేతుల్లో రొట్టెలు అటూ ఇటూ ఎగురుతున్నాయి.

"ఈ రెండూ నావి, అది నీది!"

"ఒక పక్క ఎత్తుగా ఉన్నది ఎవరిది?"

"ఇంకెవరిది, షామాది! మొగుడు కూడా అలాగే ఒక పక్కకి వాలి నడుస్తాడు!"

నవ్వులు. మధ్యలో తీర్పులిస్తున్న పెద్దమనిషి ఎవరో కాదు, నజాత్.

"ఇవాళ ఎన్ని తారుమారు?" అంది ఎవరో.

"పదిహేడు," అంది నజాత్.

"పర్లేదు పాపం. పోయిన ఆదివారం ఇరవై ఆరు!"

అల్లాల్ గోడ వారనుంచి ఇవతలికి వచ్చాడు. ఎగిరే రొట్టెలు గాల్లోనే ఆగినంత పనైంది.

"గాలి బాగుందని నిలబడ్డాం మల్లెం," అంది బతూల్, మొదటిసారి నెమ్మదిగా.

"ఎన్నాళ్లుగా బాగుంది గాలి?"

తక్కినవాళ్లు పలకల మీద గుడ్డలు కప్పడం మొదలెట్టారు. షామాకి మాత్రం అబద్ధం ఆడటానికి కూడా తీరిక ఉండదు. "రెండేళ్లు" అనేసింది.

అల్లాల్ గట్టు మీద కూర్చున్నాడు. అరవై రొట్టెల్లో ఇరవై ఆరు. రెండేళ్లు. తను గోతిలో నిలబడి ముద్రలేసేవాళ్లని వెక్కిరించినప్పుడల్లా వీళ్లంతా తలూపారు.

"ఎవరు మొదలెట్టారిది?" కూతుర్ని అడిగాడు.

"అమ్మ. ఇంటింటికీ తిరిగింది. 'ఎవరైనా ఆయనతో ఒక్క మాట అన్నారో, మీ ఇంట్లో పెళ్లికీ రాను, చావుకీ రాను. కళ్లు పోతే పోనీ, ఆ పొయ్యి పోతే ఆయన ఇంట్లో కూర్చుంటాడు. అప్పుడు నేను పోతాను' అంది."

"మా ఇంటికి కూడా వచ్చింది," అంది బతూల్. "నా గుమ్మం తొక్కి ఎనిమిదేళ్లైంది అప్పటికి. ఊరికే రాలేదు, చక్కెర దిమ్మ పట్టుకొచ్చింది."

చక్కెర దిమ్మ అంటే చిన్న విషయం కాదు. పిల్లనడగడానికి పట్టుకెళతారు, తెగిన మాటలు కలపడానికి పట్టుకెళతారు.

అల్లాల్ ఇంటికెళ్లి చక్కెర డబ్బా మూత తీశాడు. అద్దాలకి చక్కెర అంటుకుంది. చొక్కాతో తుడిచి పెట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. యామ్నా తల ఎత్తింది.

"కళ్లు పోయాయి," అన్నాడు.

"తెలుసు."

"ఆ రోజు చూసి తెచ్చింది కాదు."

"అదీ తెలుసు. కళ్ల మీద నాకెప్పుడు కోపం? తిన్నది కళ్లతోనా?"

అల్లాల్ ఆలోచించాడు. "నాలుక కూడా పోయిందనుకో."

"పోతే ముప్పై ఆరేళ్లు నా రొట్టె మెచ్చుకున్నది ఏ నాలుకతో?"

ఆ దారీ మూసుకుంది. అబద్ధానికి చోటు మిగల్లేదు గనక నిజమే చెప్పాడు.

"దాని రొట్టె బాగుంది యామ్నా. ఏం చెయ్యమంటావు? కానీ ఆ రెండు రోజులూ ఆ గొట్టం నములుతూ నేను తలుచుకున్నది దాన్ని కాదు. నీ పల్లం రొట్టెని."

యామ్నా చాలాసేపు ఉల్లిపాయ తరిగింది. "సగం సన్న రవ్వ కలుపుతుంది," అంది చివరికి. "అడిగితే చచ్చినా చెప్పదు. ఆ రోజు వాసన చూసి పట్టుకున్నా."

ఆదివారం పొద్దున యామ్నా పలక మొగుడి పొయ్యికే వచ్చింది. అల్లాల్ అద్దాలు పెట్టుకుని గోతిలోకి దిగాడు. సెగకి అద్దాలు మసకబారేవి, చువ్వలు కాలి చెవులు చురుక్కుమనేవి. అయినా అరవైకి అరవై, ఒక్క రొట్టె తారుమారు కాలేదు. సోమవారం కూడా అంతే. సందులో తన పరువు నిలబడిందనుకున్నాడు.

మంగళవారం షామా వచ్చి పలక దబ్బున పెట్టింది.

"మల్లెం, ఆ అద్దాలు తీసెయ్యి."

"ఏమ్మా?"

"పొయ్యి నుంచి ఇంటికి ఆరు నిమిషాలట. మా అత్త గడియారం చూసి మరీ చెప్పింది. 'రెండేళ్లుగా నలభై నిమిషాలు ఎక్కడ ఉన్నావే' అంటోంది. నీ కళ్ల పుణ్యమా అని కుళాయి దగ్గర కాసేపు నోరారా మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఏం చెప్పి ఆగాలి?"

వెనక నిలబడ్డవాళ్లంతా తలూపారు. ఈసారి నిజంగానే.

రాత్రి యామ్నాతో చెబితే ఆమె నవ్వలేదు. "నజాత్ అక్కడి కబుర్లు తెస్తేనే నాకు సందులో ఏం జరిగేదీ తెలిసేది," అంది. "మూడు రోజులుగా ఇల్లు మూగబోయింది. నా పిండి నీ పొయ్యికి రావాలంటే నువ్వే ఆలోచించుకో."

ఆలోచించుకున్నాడు. ఇప్పుడు అల్లాల్ అత్తలందరికీ కనబడేలా అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కళ్లు చికిలిస్తూ తిరుగుతాడు. గోతిలోకి దిగాక ముక్కు మీదికి దించుకుని, రోజూ ఇరవై రొట్టెలు ఏరి మరీ తప్పు పలకల మీద పెడతాడు. సరిగ్గా ఇవ్వడం సులువు, తప్పుగా ఇవ్వడానికే కళ్లు కావాలి. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో కనుక్కుని, వాళ్లిద్దరి రొట్టెలే మార్చాలి. ఏ కోడలి వెంటైనా అత్త పొయ్యి దగ్గరికి వచ్చిన రోజు ఆ ఇంటి జోలికి పోకూడదు. ముప్పై నాలుగేళ్లలో ఇంత కష్టమైన పని చెయ్యలేదంటాడు.

వారానికొకసారి బతూల్ రొట్టె ఒకటి తనింటి పలక మీదికి కూడా వస్తుంది. నజాత్ దాన్ని మార్చదు. యామ్నా తుంచి, వాసన చూసి, కూరలో ముంచి తింటుంది.

"ఇందులో ఏముందని మెచ్చుకున్నావో, ఖర్మ," అంటుంది, రెండో ముక్కకి చెయ్యి చాపుతూ.