నీళ్లు వాసన చూసే సరంగు

విశాఖ ఫిషింగ్ హార్బరులో సరంగు కన్నబాబు అంత గొప్పవాడు లేడని కన్నబాబే చెప్పేవాడు. బోటు నడిపే సరంగుకి చేప ఎక్కడుందో తెలియాలి. ఆ పేరు పోతే బోటు కూడా పోతుంది. ఆయన చేతిలో ఉన్న బోటు కృష్ణంరాజుగారిది. నేను బోట్ల యజమానుల సంఘంలో గుమస్తాని. ఇరవై ఏళ్లు ఆయన డప్పు విన్నాను కాబట్టి నాలుగు మాటలనే హక్కు నాకుంది.

2000లో మా ఆఫీసు గోడకి నల్లబల్ల తగిలించారు. మన దేశం పంపిన ఉపగ్రహం పైనుంచి సముద్రం రంగు చూస్తుందనీ, దాన్నిబట్టి చేపలు చేరే చోటు లెక్క కడతారనీ చెప్పారు. కోట్లు పెట్టి ఎగరేసిన ఆ ఘనత చివరికి ఒక ఫ్యాక్సు కాగితమై నా సుద్దముక్క దగ్గర ఆగేది. ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు. అంతే.

కన్నబాబు ఆ బల్ల ముందే తుపుక్కున ఉమ్మాడు. "ఆకాశంలో డబ్బాకి సేప గురించేటి తెల్సు? మా అయ్య నాకు పన్నెండు గుర్తులు సూపించాడు!"

గుర్తులంటే, సముద్రంలోంచి ఒడ్డుకి చూస్తే ఏ కొండకి ఏ గోపురం ఎదురొస్తుందో, ఆ వరసలో ఎక్కడ వల వెయ్యాలో. తండ్రి కొడుక్కి తప్ప ఇంకెవరికీ చెప్పడు.

అయితే ఫ్యాక్సు వచ్చిన ప్రతిసారీ ఆయన భార్య గంగాలమ్మ చేపల గంపతో బల్ల ముందు నిలబడేది. రాత్రిబడిలో చదువుకున్న మనిషి, పెదాలు కదుపుతూ కూడబలుక్కునేది. కాసేపటికి మా కిటికీ కింద జెట్టీలో కన్నబాబు దోసిట్లో నీళ్లు తీసుకుని, వాసన చూసి, కళ్లు మూసుకుని, "తూరుపు, ముప్పయ్యైదు" అని కళాసీలతో అనేవాడు. అక్షరాలా నేను రాసిందే! బయటికొచ్చి చూస్తే బల్ల తడిగుడ్డతో తుడిచేసి ఉండేది. మళ్లీ రాసినా మిగతా సరంగులు బల్లను నమ్మేవారు కాదు, ఆయన వెనకే బోట్లు తోలేవారు. మూడేళ్లలో హార్బరంతా ఆ ముక్కుకి దండం పెట్టింది. ఇంత సిగ్గులేని మనిషిని నేనెక్కడా చూడలేదు.

2003 జూన్‌లో వేట నిషేధం ముగిసింది. తొలి వేటకి కృష్ణంరాజుగారు కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. ఆ రోజు ఫ్యాక్సులో అంకెలు లేవు. 'మబ్బుల వల్ల సమాచారం లేదు' అని రాశాను. గంగాలమ్మ చదివి, వెళ్లి మొగుడి చెవిలో చెప్పింది.

కన్నబాబు నీళ్లు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. పదిహేను బోట్లు ఇంజన్లు వేసుకుని ఆయన కదలిక కోసం ఎదురుచూస్తున్నాయి. చివరికి బోటు దిగి, అందరూ చూస్తుండగా జెట్టీ మీదున్న నా దగ్గరికొచ్చాడు.

"గుమస్తా బాబూ, ఏదో ఒకటి రాసియ్యి."

"నాకేం తెలుసు? నీ ముక్కునడుగు" అన్నాను. మూడేళ్లుగా కడుపులో దాచుకున్న మాట. అనేశాక ప్రాణం హాయిగా ఉంది.

కృష్ణంరాజుగారు కొబ్బరికాయ కొట్టకుండా అలాగే నిలబడిపోయారు. కోపం వచ్చింది గంగాలమ్మకే. "బల్ల నేకపోతే ఏటి మావా? మీ అయ్య సూపించిన గుర్తులున్నాయి కదా, అలగే ఎల్లు."

కన్నబాబు యారాడ కొండ వైపు చూశాడు. సింహాచలం కొండ వైపూ చూశాడు.

"దేనికేది ఎదురో మర్సిపోనానే" అన్నాడు.