శెంబగం చుట్టుదారి

కోవిల్‌పట్టిలో ఎట్టయపురం రోడ్డు మీద ఆ పెద్ద సూపర్‌మార్కెట్ తెరిచినప్పటి నుంచి శెంబగవల్లికి సొంత వీధిలో నడవడమే కష్టమైపోయింది. ఇంటికి తిన్నగా వచ్చే దారిలో, వీధంతా అణ్ణాచ్చి అని, అంటే పెద్దన్న అని పిలిచే జ్ఞానదురై కిరాణా కొట్టు ఉంది. సూపర్‌మార్కెట్ పేరు అచ్చువేసిన సంచీ పట్టుకుని ఆయన ఎదుట నుంచి ఎలా వెళ్లడం? అందుకని పోస్టాఫీసు సందులోకి తిరిగి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక గోడ వెంబడి, మురుగుకాలువ దాటి, చెమటలు కక్కుకుంటూ పెరటివైపు నుంచి ఇల్లు చేరేది. సంచీని తిరగేసి మడిచి బియ్యం డబ్బా వెనక దాచేది. ఎవరి నుంచి దాస్తోందో ఆమెకే తెలియదు. అణ్ణాచ్చి ఏనాడూ వాళ్లింటి గడప తొక్కలేదు.

మొదట బట్టల సబ్బుపొడి కోసం వెళ్లింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నారు. తర్వాత నూనె, ఆ తర్వాత పప్పులు. భర్త సుడలైముత్తు తూత్తుకుడి రేవుకు లారీ తోలుతాడు. ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో లారీకే తెలియాలి. శెంబగం జాకెట్లు కుట్టి ఇల్లు లాక్కొస్తోంది. చవగ్గా దొరికినచోట కొనుక్కోవడం తప్పా అని తనను తాను అడిగేది, కాదని తనే చెప్పుకునేది. అయినా ఆ కొట్టు ముందుకొచ్చేసరికి తల దించుకుని అడుగులు వేగంగా వేసేది.

అప్పుడప్పుడు మొహమాటం కొద్దీ ఉప్పు ప్యాకెట్టో, కరివేపాకో కొనడానికి వెళ్లేది.

"ఇంకేమన్నా కావాలా తల్లీ?" అనేవాడు అణ్ణాచ్చి, ఎప్పటిలాగే.

"ఇంతే అణ్ణాచ్చీ."

ఆయన ఇంకో మాట అడిగేవాడు కాదు. నాలుగు మాటలు అని దులిపేసినా బాగుండేది.

అన్నిటికంటే పెద్ద చిక్కు అత్తగారితో వచ్చింది. ఇసక్కియమ్మాళ్ కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లు అగ్గిపెట్టెలకు లేబుళ్లు అంటించిన మనిషి. ఇప్పుడు మతి నిలవదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతుంది. కానీ ఎండ వాలగానే ఆవిడ కాళ్లు వాటంతటవే అణ్ణాచ్చి కొట్టుకు దారి తీసేవి. బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చుని, బుట్టలోంచి తాటిబెల్లం ముక్క విరిచి బుగ్గన పెట్టుకుని, వచ్చినవాళ్లనల్లా తప్పు పేర్లతో పలకరించేది. ఆవిణ్ణి ఆచ్చి అని, అంటే అవ్వ అని పిలిచే అణ్ణాచ్చి చీకటి పడేలోగా ఎవరో ఒకర్ని తోడిచ్చి పంపేవాడు. సరుకులేమో ఇంకోచోట కొంటూ, మనిషిని ఆయన మీద వదలడానికి శెంబగానికి సిగ్గేసింది. మధ్యాహ్నాలు తలుపుకు గొళ్లెం పెట్టడం మొదలుపెట్టింది. ముసలామె గోల పడలేక ఒకటి రెండుసార్లు ఆటో ఎక్కించి సూపర్‌మార్కెట్‌కే తీసుకెళ్లింది. ఆ చల్లదనానికి ఆవిడ మురిసిపోయి, "ఏమే, ఇది కొడైకెనాలా?" అని అడిగింది.

ఆ మంగళవారం పోస్టాఫీసులో పనిచేసే కమల జాకెట్ కొలతలకు వచ్చింది. ఆమె వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది, లోపల గొళ్లెం పెట్టడం శెంబగం మరిచిపోయింది. శెంబగం చంక కుట్టు విప్పుతూ తలెత్తేసరికి మంచం ఖాళీ.

పెరట్లో చూసింది. పక్కింట్లో అడిగింది. చెప్పుల్లేకుండా మారియమ్మన్ గుడి దాకా పరుగెత్తింది. బైపాసు మీద లారీల హారన్లు వినిపిస్తున్నాయి. ప్రతి లారీ ఆవిడ మీదికే పోతున్నట్టనిపించింది. ఇక మిగిలింది ఒక్క చోటే. అక్కడికి వెళ్లి ఏ మొహంతో అడగాలి? అనుకుంటూనే వెళ్లి కొట్టు ముందు నిలబడింది.

"అణ్ణాచ్చీ... అత్త ఇటొచ్చిందా?"

పప్పు తూస్తున్న అణ్ణాచ్చి చెయ్యి ఆగిపోయింది. "ఆచ్చి కనబడటం లేదా? ఎప్పట్నుంచి? ఏం చీర కట్టుకుంది?"

"పసుపుది... గళ్ల చీర..." మాట పూర్తవకుండానే ఏడుపొచ్చేసింది.

ఆయన తక్కెడ గిన్నెను ఎదుటనున్న మనిషి చేతికే ఇచ్చాడు. "నువ్వే తూచుకో, పోతూ షట్టరు సగం దించు." మోపెడ్ స్టాండు తీస్తూ, "ఏడవకు. ఎక్కు," అన్నాడు.

పూలమ్మే ఆవిడకి చెప్పాడు, టీకొట్లో చెప్పాడు, ఆటో స్టాండులో చెప్పాడు. దారిలో వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "నూనె అక్కడ కొంటున్నావని తెలుసు తల్లీ. కొనుక్కో. ఆచ్చిని ఎందుకు ఆపేశావో అదే అర్థం కాలా. మా ఆవిడ రాజకని రోజూ నన్ను పీకుతోంది, 'ఏమన్నా అన్నావా ఆవిణ్ణి? ఎందుకు రావట్లా?' అని. అడుగుదామంటే నువ్వు ఉప్పు ప్యాకెట్టు తీసుకుని పారిపోతావాయె."

 ఇన్నాళ్లూ తనొక్కతే కుమిలిపోతున్నాననుకుంది శెంబగం.

ఇంతలో ఆటోవాడొకడు వెనకనుంచి కేకేశాడు. "అణ్ణాచ్చీ! సూపర్‌మార్కెట్లో ఎవర్నో ముసలామెను పట్టుకున్నారంట, దొంగతనమని!"

వెళ్లి చూస్తే, సూపర్‌మార్కెట్ లోపల బిల్లులు వేసేచోట ప్లాస్టిక్ కుర్చీలో ఇసక్కియమ్మాళ్ కూర్చుని ఉంది. ఎదుట బల్ల మీద చింపిన తాటిబెల్లం ప్యాకెట్టు. కొంగున ఇంకో ముక్క మూట. పక్కన కాపలావాడు. బుట్టలు పట్టుకుని చూస్తున్న వాళ్లలో సగంమంది అణ్ణాచ్చి వీధివాళ్లే. ఆయన్ని చూడగానే ఒకరు సబ్బుల వరసలోకి తప్పుకున్నారు, ఇంకొకరికి ఫోను మాట్లాడే పని పడింది.

"వచ్చావా దురై!" అంది ముసలామె. "ఈళ్లకి వ్యాపారం చేతకాదయ్యా. రుచి చూడకుండా బెల్లం ఎవడన్నా కొంటాడా?"

మేనేజరు పాతికేళ్లు దాటని కుర్రాడు. మెడలో పేరు బిళ్ల వేలాడుతోంది. అతనికీ చెమట పట్టింది. "రాసుకోవాలి సార్, ఫొటో తీయాలి. పైవాళ్లు కెమెరాలో చూస్తుంటారు. వదిలేస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఫొటో గోడకి పెడతారా?" అంది శెంబగం. దొంగిలించినవాళ్ల ఫొటోలు అక్కడ గోడకి అంటిస్తారని వీధిలో అనుకోగా వింది.

అణ్ణాచ్చి పైకి మడిచి కట్టిన పంచె కిందికి దించుకున్నాడు. ఆ కొట్లో అడుగుపెట్టడం ఆయనకిదే మొదలు.  "నేనూ కొట్టు పెట్టుకున్నవాణ్ణే తమ్ముడూ. సరుకు పోతే ఎట్టా ఉంటుందో తెలుసు. ఇది దొంగతనం కాదు. ఆచ్చికి ఈ అలవాటు చేసింది నేను. అనాలంటే నన్ను అను."

 షాంపూ సీసాల వెనకనుంచి వాళ్ల వీధిలోనే ఉండే ఎస్తేరు టీచర్ బయటికొచ్చింది. "బాబూ, ఆ ముసలామెను గోడకెక్కించావంటే రేపట్నుంచి మా వీధిలో ఒక్కరూ ఈ మెట్లెక్కరు!" అని గట్టిగా అనేసి, అణ్ణాచ్చి వింటున్నాడని గుర్తొచ్చి, చేతిలో బుట్టను చీర చాటుకు లాక్కుంది.

మేనేజరు అటూ ఇటూ చూశాడు. చివరికి ప్యాకెట్టుకు బిల్లు వేసి శెంబగం చేతికిచ్చాడు. పేరు రాసుకోలేదు. ఆమె ఊపిరి పీల్చుకోబోతుంటే కాపలావాడు నసిగాడు. "సార్, నేను ఇందాకే ఒక ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను."

"తీసేయమని చెప్తాను," అన్నాడు మేనేజరు, ఎవరి మొహమూ చూడకుండా.

అణ్ణాచ్చి మోపెడ్ మీద ముసలామెను కూర్చోబెట్టి తోసుకుంటూ నడిచాడు. శెంబగం ఆవిడ వీపు పట్టుకుంది. బజారు మధ్యలోంచి, అందరూ చూస్తుండగా ఇంటికొచ్చారు.

మర్నాటి నుంచి ఇసక్కియమ్మాళ్ మళ్లీ బియ్యం బస్తా దగ్గర చేరింది. శెంబగం పప్పులూ, మసాలా దినుసులూ అణ్ణాచ్చి దగ్గరే తీసుకుంటోంది. నూనె, సబ్బుపొడి మాత్రం ఆయనే వద్దంటాడు. "నేను ఆ ధరకివ్వలేనమ్మా, అక్కడే కొను," అంటాడు. ఆమెకు ఆ మెట్లెక్కే ధైర్యం లేదు. అందుకని ధర ఎక్కువైనా ఆయన దగ్గరే తీసుకుంటుంది. ఆయనేమో మొహమాటపడుతూ ఇస్తాడు.

సుడలైముత్తు ఇంటికొచ్చినప్పుడు సంగతంతా చెబితే నవ్వి, తనే వెళ్లి చూసొచ్చాడు. "గోడ మీద ఏ ఫొటో లేదే, అన్నీ ఆఫర్లే."

"బిల్లు వేసేవాళ్ల వెనక గోడ చూశావా?"

"చూశా."

"లోపల గిడ్డంగిలో?"

"గిడ్డంగిలోకి నన్నెవరు పోనిస్తారే?"

అతను స్నానానికి వెళ్లాడు. శెంబగం కుట్టుమిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కిస్తున్నంతసేపూ ఆ గిడ్డంగి గోడే కళ్లముందు ఉంది.